శబ్దం వస్తోంది, మాట రావడం లేదు



గత నెలలో ఒకనాడు అస్ర్ నమాజు ముగిసిన తర్వాత ఒక విద్యార్థి తండ్రి మా మదర్సాకు వచ్చారు. కల్వకుర్తిలో చిన్న వ్యాపారం చేసుకునే వ్యక్తి. సలాం చెప్పి కూర్చుని, ఫోనులో మూడు స్పీకర్ల చిత్రాలు చూపించారు. "మౌల్వీ సాబ్, మా అమ్మీకి చూపు బాగా తగ్గింది. ఖుర్ఆన్ చూసి చదవలేకపోతున్నారు. వినడానికి ఒక మంచి స్పీకరు కొనాలనుకుంటున్నాను. పిల్లవాడి పాఠానికీ పనికొస్తుంది. ఈ మూడింటిలో ఏది తీసుకోమంటారు?" అని అడిగారు. మొదటిదాని మీద వెయ్యి వాట్లని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. రెండవదానికి చుట్టూ రంగురంగుల దీపాలు. మూడవది ఏ ఆర్భాటమూ లేని చెక్కపెట్టె.

"మీ ఇంట్లో ఇదివరకే ఒకటి ఉన్నది కదా, దానికేమైంది?" అని అడిగాము.

"అది బాగానే మోగుతుంది. కానీ అమ్మీకి అర్థం కావడం లేదట."

ఆ మాట వినగానే మాకు మా ఇల్లు గుర్తుకు వచ్చింది. మదర్సాలో పాఠం చెప్పుకునేవారికి స్పీకర్ల సంగతి ఎందుకని పాఠకులు అనుకోవచ్చు. ఈ విషయంలో మేమే ఒకసారి పొరపడ్డాము. ఆ పొరపాటు వల్ల ఇబ్బంది పడినది మా అమ్మ. కనుక ఈ నెల ఈ శీర్షికలో ఇంటికి కావలసిన స్పీకరును ఎలా ఎంచుకోవాలో, మా అనుభవాన్నీ తెలిసినవారిని అడిగి నేర్చుకున్నదాన్నీ కలిపి రాస్తున్నాము.

మా ఇంట జరిగినది

కొన్నేళ్ళ క్రితం మా అమ్మ కళ్ళకు పొర కమ్మింది. శస్త్రచికిత్స జరిగినా చిన్న అక్షరాలు చదివేంత చూపు తిరిగి రాలేదు. ప్రతిరోజూ ఫజ్ర్ తర్వాత ఒక పారా చదవడం ఆమెకు చిన్ననాటి నుంచీ అలవాటు. చదవలేకపోతే కనీసం వినాలని ఆమె కోరిక. మేము ఒక దుకాణానికి వెళ్ళి, అక్కడ ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్దదాన్ని తెచ్చాము. నడుమెత్తు నిలువు పెట్టె. అది మోగితే కిటికీ తలుపులు అదిరేవి. కొడుకుగా బాధ్యత నెరవేర్చామని సంతోషించాము.

రెండు వారాలు అమ్మ ఏమీ అనలేదు. ఒక ఉదయం చూస్తే, ఆ పెద్ద పెట్టెను ఆపి, పాత ట్రాన్సిస్టరును చెవి దగ్గర పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఎందుకని అడిగితే, మా మనసు నొచ్చుకోకుండా మెల్లగా, "శబ్దం వస్తోంది బేటా, మాట రావడం లేదు" అన్నారు.

శబ్దం వేరు, మాట వేరు. స్పీకరు కొనేవారు ఈ ఒక్క భేదం గుర్తుంచుకుంటే సగం పని పూర్తయినట్లే.

యాక్టివ్ అంటే ఏమిటి?

ముందు పేరు సంగతి చూద్దాము. స్పీకరు తనంతట తాను మోగదు. ఫోను నుంచో టీవీ నుంచో వచ్చే విద్యుత్ సంకేతం చాలా బలహీనమైనది. దానిని పెంచే పరికరం యాంప్లిఫయరు. అది విడిగా ఉండి, వైర్లతో స్పీకరుకు కలిపితే ఆ స్పీకరును ప్యాసివ్ అంటారు. మసీదులలోనూ ఫంక్షన్ హాళ్ళలోనూ సాధారణంగా కనిపించే ఏర్పాటు అదే. యాంప్లిఫయరు పెట్టెలోపలే ఉంటే అది యాక్టివ్ స్పీకరు. దానికే బ్లూటూత్, పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు, ఎఫ్ఎమ్ రేడియో, టీవీ కనెక్షను వంటివన్నీ జోడించి, ప్లగ్గు పెడితే చాలు పనిచేసేటట్లు తయారుచేసినవే నేడు ఆల్ ఇన్ వన్ పేరుతో అమ్ముతున్నవి.

ఈ ఏర్పాటు మనకు కొత్తదేమీ కాదు. మా చిన్ననాటి రేడియో ఇటువంటిదే. ప్రసారాన్ని అందుకునే భాగం, యాంప్లిఫయరు, స్పీకరు అన్నీ ఒకే చెక్కపెట్టెలో ఇమిడి ఉండేవి. హైదరాబాదులో 1935లో దక్కన్ రేడియో 200 వాట్ల ప్రసార శక్తితో మొదలైంది. 1950 ఏప్రిల్ 1న భారత ప్రభుత్వం దానిని స్వాధీనం చేసుకున్నది. మా బాల్యంలో హైదరాబాదు ఆకాశవాణి నుంచి నైరంగ్ ఉర్దూ కార్యక్రమం వచ్చే వేళకు ఇంటిల్లిపాదీ రేడియో చుట్టూ చేరేవారు. ఆ పెట్టెలో ఉన్నది ఒకే ఒక స్పీకరు. అయినా చదివేవారి ప్రతి మాటా గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలిసేది. ఎందుకంటే ఆ పెట్టెను మనిషి గొంతు కోసమే తయారుచేశారు.

మాట ఎక్కడ ఉంటుంది?

ధ్వని కంపనాలను హెర్ట్‌జ్‌లలో కొలుస్తారు. సెకనుకు ఎన్ని కంపనాలో అన్ని హెర్ట్‌జ్. పురుషుని గొంతు మూలధ్వని సుమారు 85 నుంచి 180 హెర్ట్‌జ్ వరకు, స్త్రీ గొంతు మూలధ్వని సుమారు 165 నుంచి 255 వరకు ఉంటుంది. కానీ ఒక అక్షరాన్ని మరొక అక్షరం నుంచి వేరు చేసి చెప్పే సమాచారం అంతకన్నా ఎంతో పైన, ముఖ్యంగా వెయ్యి నుంచి నాలుగు వేల హెర్ట్‌జ్ మధ్య ఉంటుంది. "స", "ష" వంటి ఊదుడు ధ్వనులు ఇంకా పైకి, ఐదారు వేలు దాటి కూడా వెళతాయి. గుండెలదిరేలా మోగే బాస్ ఉండేది అడుగున, నూరు హెర్ట్‌జ్ చుట్టుపక్కల. బాస్ మితిమీరితే పైనున్న సన్నని ధ్వనులను కప్పేస్తుంది. పక్కన బోరు బండి పనిచేస్తుంటే ఎదుటి మనిషి మాట వినిపించనట్లే.

వయసు పైబడిన వారి చెవులు మొదట కోల్పోయేది పై స్థాయి ధ్వనులను గ్రహించే శక్తినే. అంటే అక్షరాలు తెలిసే చోటనే వారి వినికిడి తగ్గుతుంది. మేము తెచ్చిన పెట్టె అడుగు ధ్వనిని రెట్టింపు చేసి, అమ్మకు అవసరమైన పై ధ్వనిని మరింత కప్పేసింది. వినపడడం లేదని మేము శబ్దం పెంచిన కొద్దీ ఆమెకు కలిగింది తలనొప్పి మాత్రమే.

ఇక పిల్లవాని సంగతి. ఈ తండ్రి తీసుకువచ్చిన సమస్యలో అదే మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టింది. ఆ అబ్బాయి మా దగ్గర అమ్మ పారా కంఠస్థం చేస్తున్నాడు. కౌసర్ సూరాలో ఆ "సే" అక్షరాన్ని నాలుక కొసను పై పళ్ళ అంచుకు తాకించి పలకాలి. మేము తరగతిలో సరిదిద్దితే సరిగానే పలికేవాడు. మరునాడు మళ్ళీ "సీన్"తో వచ్చేవాడు. ఉర్దూ మాట్లాడే మన ఇళ్ళలో సే, సీన్, స్వాద్ మూడింటినీ ఒకే విధంగా పలుకుతారు. కనుక పిల్లవాని నాలుకకు ఇంటి అలవాటు ఎలాగూ ఉంటుంది. ఆ అలవాటును దాటించవలసింది చెవి. ఒకరోజు వారింటికి వెళ్ళినప్పుడు అతడు సాధన చేసే పెట్టెను పెట్టించి విన్నాము. ముప్పై ఏళ్ళుగా ఇదే పాఠం చెబుతున్న మాకే అందులో సే ఏదో, సీన్ ఏదో తేడా తెలియలేదు. పిల్లవాడు మాత్రం ఏమి చేయగలడు? అతడు విన్నదే పలికాడు. కాగా మేము రెండు మూడు సార్లు అతడిని మందలించి ఉన్నాము. ఆ సాయంత్రం ఇంటికి వెళుతూ అందుకు చాలా నొచ్చుకున్నాము.

వాట్ల మాయ

దుకాణంలో మొదట చూపించేది వాట్ల సంఖ్య. ఇందులో రెండు రకాల లెక్కలు ఉన్నాయి. ఆర్ఎంఎస్ అనేది స్పీకరు నిలకడగా ఇవ్వగల శక్తి. పీఎంపీఓ అనేది రెప్పపాటు కాలపు గరిష్ఠం పేరిట వేసే ప్రచారపు లెక్క. దానికి అందరూ ఒప్పుకున్న కొలత అంటూ లేదు. కనుక పెట్టె మీద వెయ్యి, రెండు వేలు అని ఉంటే, ఆర్ఎంఎస్ ఎంత అని అడగండి. జవాబు రాకపోతే ఆ సంఖ్యను పట్టించుకోవలసిన అవసరం లేదు.

నిజానికి ఇంటికి ఎన్ని వాట్లు కావాలి? సాధారణమైన ఇంటి స్పీకరుకు ఒక వాటు శక్తి అందితే ఒక మీటరు దూరంలో సుమారు 85 డెసిబెల్స్ ధ్వని వస్తుంది. మనం ఇంట్లో మాట్లాడుకునే సంభాషణ సుమారు 60 డెసిబెల్స్. అంటే పారాయణం వినడానికి ఒక్క వాటు కూడా ఎక్కువే. పైగా వాట్లు రెట్టింపు అయితే ధ్వని పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. మన చెవికి రెట్టింపు బిగ్గరగా వినిపించాలంటే శక్తి పది రెట్లు కావాలి. ఇరవై వాట్ల పెట్టెకూ నలభై వాట్ల పెట్టెకూ మధ్య వినికిడిలో తేడా స్వల్పమే. రేడియో ప్రసారపు వాట్ల లెక్క వేరే అయినా ఒక్కసారి ఆలోచించండి. దక్కన్ రేడియో 200 వాట్లతో నగరాన్ని పలకరించింది. పన్నెండడుగుల గదిలో కూర్చున్న ఒక వృద్ధురాలికి వెయ్యి వాట్లు ఎందుకు?

వాట్లకు బదులు పెట్టెలో ఎన్ని స్పీకర్లు, ఏ రకానివి ఉన్నాయో చూడండి. అడుగు, నడిమి ధ్వనులకు ఒక కోను, పై ధ్వనులకు ట్వీటరు అనే చిన్న స్పీకరు విడిగా ఉంటే మాట స్పష్టత సాధారణంగా మెరుగ్గా ఉంటుంది. ఉదాహరణకు ఎడిఫైయర్ సంస్థ తయారుచేసే ఆర్1280డీబీ అనే జోడీ వివరాలు చూడండి. రెండింటికీ కలిపి 42 వాట్ల ఆర్ఎంఎస్. ఒక్కొక్క పెట్టెలో నాలుగంగుళాల కోను, 13 మిల్లీమీటర్ల ట్వీటరు ఉంటాయి. యాంప్లిఫయరు ఒక పెట్టెలో ఉంటుంది, రెండవది వైరుతో దానికి కలుస్తుంది. దానినే కొనమని మేము చెప్పడం లేదు. నిజాయితీగా రాసిన వివరాలు ఈ విధంగా ఉంటాయని తెలపడానికే ఈ ఉదాహరణ. ఏ సంస్థదైనా ఇంత స్పష్టంగా రాసి ఉన్నదా లేదా చూసుకోండి.

ఒకటా, రెండా?

జోడీ కొనాలా, ఒంటి పెట్టె చాలునా అన్నది తరచుగా వచ్చే ప్రశ్న. కుడి, ఎడమ ధ్వనులను వేరువేరుగా రికార్డు చేసిన వాటికే జోడీ వల్ల పూర్తి ప్రయోజనం. ఒక్క మనిషి పారాయణానికి, ప్రసంగానికి, వార్తలకు అది తప్పనిసరి కాదు. ఈజిప్టు ఖారీ షేక్ మహమూద్ ఖలీల్ అల్ హుసరీ గారి సంపూర్ణ ఖుర్ఆన్ పారాయణం 1961లో రికార్డుల రూపంలో వెలువడింది. 1964లో కైరోలో ఖుర్ఆన్ కోసమే ప్రత్యేక రేడియో కేంద్రం ఆరంభమైంది. ఆ కాలపు పారాయణాలలో చాలా వరకు ఒకే చానెల్‌లో రికార్డయినవి. వాటిని ఒక పెట్టెలో విన్నా, రెండింటిలో విన్నా వచ్చేది అదే గొంతు. కనుక బడ్జెట్టు పరిమితమైతే, ఆ ధరకు వచ్చే రెండు నాసిరకం పెట్టెల కన్నా ఒక మంచి పెట్టె మేలు. టీవీలో పిల్లల కార్యక్రమాలు చూడడానికి కూడా వాడుకునేవారు, పెద్ద హాలు ఉన్నవారు జోడీ తీసుకోవచ్చు.

రికార్డింగు నాణ్యతను కూడా మరువకూడదు. ఒక ఫోను నుంచి మరొక ఫోనుకు పంపేందుకు బాగా కుదించిన ఆడియోలో మొదట పోయేది ఆ సన్నని పై ధ్వనులే. పోయిన దానిని ఎంత ఖరీదైన స్పీకరైనా తిరిగి తేలేదు. మంచి రికార్డింగును మెమరీ కార్డులో ఒకసారి సరిగ్గా నింపి పెట్టుకోవడం ఉత్తమం.

వాడేది ఎవరు?

స్పీకరును కొనేది కొడుకు, వాడేది తల్లి. ఈ మాట మరచిపోతే ఇంట్లో వస్తువు ఉండీ లేనట్లే. బ్లూటూత్ మంచి సౌకర్యమే. గదిలో పది మీటర్ల లోపు చక్కగా పనిచేస్తుంది. మాటకు దాని నాణ్యత సరిపోతుంది. అయితే అది ఫోను మీద ఆధారపడుతుంది. కొడుకు ఫోను తీసుకుని బజారుకు వెళితే ఇంట్లో పారాయణం ఆగిపోతుంది. ఆయత్ మధ్యలో ఎవరిదో కాల్ వస్తుంది, ఏదో సందేశం టింగుమంటుంది. అందువల్ల ఫోనుతో పని లేకుండా పెన్‌డ్రైవ్ లేదా మెమరీ కార్డుతో మోగే సదుపాయం ఉన్నదా చూడండి. విద్యుత్తు పోయి తిరిగి వచ్చినప్పుడు ఆపిన చోటు నుంచే మొదలవుతుందా, లేక ప్రతిసారీ ఫాతిహా నుంచి ఆరంభమవుతుందా అన్నది దుకాణంలోనే పరీక్షించండి.

ధ్వని హెచ్చించడానికి, తగ్గించడానికి చేతికి తగిలే గుండ్రని మీట ఉండాలి. చూపు లేనివారు నున్నని అద్దం మీద తాకుడు బొత్తాలను వెదుక్కోలేరు. ఆపే బొత్తాం మీద ఒక గుండుసూది తలంత మైనపు బొట్టు పెడితే వేలికి తెలుస్తుంది. మా అమ్మకు అలాగే పెట్టి ఇచ్చాము. ఆపడం సులువుగా ఉండడం మనకు చాలా ముఖ్యం. పారాయణం జరుగుతున్నప్పుడు మౌనంగా, శ్రద్ధగా వినవలసిందని దివ్యఖుర్ఆన్ అల్ అఆరాఫ్ సూరా 204వ ఆయత్‌లో ఆదేశం ఉన్నది. ఇంటికి అతిథులు వచ్చి మాటలు మొదలైతే, స్పీకరును దానిమానాన మోగనివ్వకుండా ఆపడమే మర్యాద.

టీవీకి కూడా కలపదలచినవారు ఆప్టికల్ గానీ, హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ గానీ ఉన్నదా చూసుకోవాలి. బ్లూటూత్‌తో టీవీకి కలిపితే పెదవుల కదలికకూ మాటకూ మధ్య ఒక్కోసారి కొద్దిపాటి ఆలస్యం కనిపిస్తుంది.

గది కూడా స్పీకరులో భాగమే

మన ప్రాంతపు ఇళ్ళలో నేల మీద తాండూరు బండలో, టైల్సో ఉంటాయి. పైన స్లాబు, చుట్టూ సున్నం వేసిన గోడలు. ధ్వని వీటికి తగిలి తిరిగి వస్తుంది. ఆ ప్రతిధ్వని అసలు మాట మీద పడి అక్షరాలను కలిపేస్తుంది. దుకాణంలో బాగున్న పెట్టె ఇంటికి రాగానే బాగోలేదని అనిపించడానికి తరచుగా కారణం ఇదే. ఖర్చు లేని చికిత్సలు ఉన్నాయి. నేల మీద ఒక మందపాటి జంపఖానా పరచండి. కిటికీకి దళసరి పరదా కట్టండి. బట్టలు మడిచి పెట్టిన అర, పరుపులు ఉన్న మంచం కూడా ప్రతిధ్వనిని పీల్చుకుంటాయి.

పెట్టెను గది మూలలో పెట్టకూడదు. మూలలో బాస్ మరింత ఉబ్బుతుంది. గోడకు జానెడు, వీలైతే మూరెడు ఎడంగా, కూర్చున్న మనిషి చెవి ఎత్తులో ఉంచాలి. ట్వీటరు ధ్వని సూటిగా ప్రయాణిస్తుంది. నేల మీద పెడితే అది మోకాళ్ళకు వినిపిస్తుంది గానీ చెవులకు కాదు. అన్నిటికన్నా ముఖ్యమైనది దూరం. ఆరుబయట దూరం రెట్టింపు అయితే ధ్వని 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గదిలో తగ్గుదల కొంత తక్కువే గానీ సూత్రం అదే. వినే మనిషికి నాలుగైదు అడుగుల దగ్గరలో చిన్న పెట్టెను ఉంచితే, గది అవతలి గోడ దగ్గర పెద్ద పెట్టె చేయలేని పని అది చేస్తుంది.

కొనే ముందు అడగవలసినవి

ఆల్ ఇన్ వన్ పెట్టెలో ఒక లోపం ఉన్నది. దానిని దాచకుండా చెప్పడం మా బాధ్యత. అన్నీ ఒకే చోట ఉన్నందున ఒక భాగం చెడితే మొత్తం మూలపడుతుంది. విడి యాంప్లిఫయరు అయితే దానిని మాత్రమే మార్చుకోవచ్చు. అందువల్ల మరమ్మతు ఎక్కడ చేస్తారు, గ్యారంటీ ఎన్నాళ్ళు, అడాప్టరు విడిగా దొరుకుతుందా అని ముందే అడగండి. బిల్లు తప్పకుండా తీసుకుని దాచండి. మన దేశంలో బ్లూటూత్ స్పీకర్లకు, అడాప్టర్లకు బీఐఎస్ నమోదు తప్పనిసరి. వాటి మీద ఐఎస్ సంఖ్య, "ఆర్"తో మొదలయ్యే నమోదు సంఖ్య ఉంటాయి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్యను సరిచూసుకోవచ్చు. వోల్టేజీ హెచ్చుతగ్గులు ఎక్కువగా ఉండే వీధులలో సర్జ్ రక్షణ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడడం, ఉరుములు మెరుపుల వేళ ప్లగ్గు తీసివేయడం మంచిది.

దుకాణంలో వారు వినిపించే నమూనాను నమ్మకండి. అది ఆ పెట్టె గొప్పలు చాటడానికే ఎంచుకున్నది. మీరు నిత్యం వినే పారాయణాన్ని మీ ఫోనులో తీసుకువెళ్ళండి. తక్కువ ధ్వనిలో పది నిమిషాలు వినండి. తక్కువ ధ్వనిలో మాట తెలిస్తే అది మంచి పెట్టె. ఎక్కువ ధ్వనిలో ఏ పెట్టె అయినా కొంతసేపు మనసును మాయ చేయగలదు. బాస్ పెంచే బొత్తాం ఉంటే ఆపించి వినండి. కౌసర్ సూరా, నాస్ సూరా ఒకదాని తర్వాత ఒకటి పెట్టండి. ఒకదానిలో సే, మరొకదానిలో సీన్, స్వాద్ ఉన్నాయి. కళ్ళు మూసుకుని ఆ మూడింటినీ వేరు చేయగలిగితే చాలు. వీలైతే వినబోయే వారినే వెంట తీసుకువెళ్ళండి. తీర్పు చెప్పవలసింది వారి చెవి. కొనేవారి కన్ను కాదు.

ఎంత ధ్వనిలో వినాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దలు వారానికి 40 గంటల పాటు 80 డెసిబెల్స్ మించకుండా వినడం సురక్షితం. పిల్లలకు ఆ పరిమితి 75 డెసిబెల్స్. మన దేశపు శబ్ద కాలుష్య నిబంధనలు 2000లో వచ్చాయి. వాటి ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు 45 డెసిబెల్స్ పరిమితి. ఇవి చట్టపు మాటలు. మనకు అంతకు పూర్వమే చెప్పబడిన మాట ఒకటి ఉంది. దైవప్రవక్త (స) మస్జిద్‌లో ఏతెకాఫ్‌లో ఉండగా కొందరు బిగ్గరగా పారాయణం చేయడం విన్నారు. తెర తొలగించి, ఒకరి పారాయణం మరొకరికి ఇబ్బంది కాకూడదని వారించారు. అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఈ ఉదంతం ఉన్నది. మస్జిద్‌లో, అదీ ఖుర్ఆన్ చదివేవారికే ఈ మాట వర్తిస్తే, గోడ పక్కన పరీక్షకు చదువుకునే పిల్లవాడు, జ్వరంతో పడుకున్న పొరుగువాడు ఉన్నప్పుడు మన స్పీకరు ఎంత మెల్లగా ఉండాలో ఆలోచించండి. మన ఇంటి గోడ దాటి వినిపించడం మన భక్తికి కొలమానం కాదు.

వినడమే ఒక ఆరాధన. దైవప్రవక్త (స) హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) గారిని ఖుర్ఆన్ చదివి వినిపించమని కోరారు. మీపై అవతరించిన దానిని మీకే చదివి వినిపించడమా అని ఆయన ఆశ్చర్యపోతే, ఇతరుల నోట వినడం తనకు ఇష్టమని చెప్పారు. వింటూ వింటూ ఆయన కళ్ళు చెమర్చాయని బుఖారీ హదీసు గ్రంథం తెలుపుతోంది. చూపు తగ్గిన తల్లికి వినే ఏర్పాటు చేయడం చిన్న పని కాదు.

అయితే ఒక హెచ్చరిక. స్పీకరు వినిపిస్తుంది గానీ వినదు. పిల్లవాడు తప్పు చదివితే ఆపి సరిదిద్దదు. అది గురువుకు సాయమే తప్ప గురువు కాదు. రోజూ ఒకసారి పిల్లవాడు మనిషి ఎదుట కూర్చుని పాఠం అప్పగించవలసిందే.

ఆ తండ్రి ఏమి కొన్నారో చెప్పి ముగిస్తాము. వెయ్యి వాట్లది కాదు, దీపాలదీ కాదు. తల్లిని ఆటోలో దుకాణానికి తీసుకువెళ్ళి, రెండు పెట్టెలు వినిపించి, ఆమె తలూపిన చిన్న చెక్కపెట్టెను తెచ్చారు. పాతదానిని పెళ్ళిళ్ళకు కుర్చీలు, సామాను అద్దెకిచ్చే బంధువుకు ఇచ్చివేశారు. మూడు వారాల తర్వాత ఆ అబ్బాయి కౌసర్ సూరా అప్పగిస్తూ "సే" దగ్గర తనంతట తానే ఆగి, నాలుక కొసను సరిచూసుకుని, మళ్ళీ చదివాడు. తప్పు అతనికే వినిపించింది. గతంలో మందలించినందుకు మమ్మల్ని మన్నించమని అతనితో అన్నాము. ఉస్తాదు అటువంటి మాట అంటారని ఊహించక పిల్లవాడు సిగ్గుపడి తల దించుకున్నాడు.

మా అమ్మ ఇప్పుడు లేరు. అల్లాహ్ ఆమెను కరుణించుగాక. ఆ పెద్ద పెట్టె స్థానంలో మేము రెండవసారి తెచ్చిన చిన్న స్పీకరును ఆమె రెండు రమజాన్‌లు విన్నారు. మొదటి రోజు దానిని మంచం పక్కన స్టూలు మీద పెట్టి, పాత అలవాటు ప్రకారం మీటను చాలా దూరం తిప్పాము. ఆమె చేయి చాచి మమ్మల్ని ఆపారు.

"కాస్త తగ్గించు బేటా. ఇప్పుడు వినిపిస్తోంది" అన్నారు.